కారు వాయిదా సరే, ఆసుపత్రిలో ఏం కడతారు?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో ఉద్యోగం. జీతం చేతికి 42,000 రూపాయలు. ఇంటి ఖర్చు 26,000, అందులో నా రాకపోకలకు 2,500. రానుపోను రోజుకు 36 కిలోమీటర్లు. బ్యాంకులో 30,000 ఉన్నాయి. అమ్మకు ఆయాసం. రాత్రివేళ అవసరం పడుతుందని కారు కొందామనుకుంటున్నాం. నా భార్య నగలు కుదువపెట్టి 2 లక్షలు ముందుగా కట్టి, మిగతా 7 లక్షలు ఏడేళ్ల రుణం తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. ముందుగా కట్టే సొమ్ము కూడా అప్పే అయితే ఆ బండి మీ స్తోమతకు మించినదే. పైగా కుదువపెట్టేది నగలు! అర్ధరాత్రి ఆపద వస్తే మీ ఇంట్లో మిగిలిన చివరి ఆధారం అవే కదా.

9.5 శాతం వడ్డీకి నెల వాయిదా 11,441. లీటరుకు 16 కిలోమీటర్లు, లీటరు 107 రూపాయల లెక్కన 26 రోజుల పెట్రోలుకు 6,260. నగల మీద వడ్డీ సుమారు 1,700. ఇప్పటి రాకపోకల ఖర్చు తీసేసినా మొత్తం 42,900 దాటుతుంది. మీ జీతం 42,000. బీమా, సర్వీసింగ్, టైర్లు ఇంకా కలపనే లేదు. పెట్రోలు ధర మన చేతిలోనిది కాదు. దేశానికి కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తోంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక హైదరాబాద్‌లో లీటరు 119 రూపాయలు దాటింది. ఆ నెలల్లో కారు వాయిదా ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.

ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఒకసారి రాత్రి పదకొండున్నరకు ఆసుపత్రి నుంచి ఒకాయన ఫోన్ చేశారు. తండ్రిని చేర్చుకోవడానికి 40,000 కట్టమన్నారట. కొత్త కారు గేటు ముందే ఉంది, ఖాతాలో 6,000 ఉన్నాయి. ఆ గొంతు నేను మరచిపోలేదు. కారు ఆసుపత్రి గేటు దాకా తీసుకెళ్తుంది, కౌంటరు దగ్గర కావలసింది నగదు.

అందుకే కారుకు కట్టాలనుకున్న ఆ 11,441 రూపాయలనే వచ్చే నెల నుంచి విడి ఖాతాలో వేయండి. ఇప్పుడున్న 30,000తో కలిపి 11 నెలల్లో దాదాపు 1,56,000 అవుతుంది, అంటే ఆరు నెలల ఇంటి ఖర్చు. అది నిండేదాకా కారు మాట ఎత్తకండి. కంపెనీ ఆరోగ్య బీమాలో అమ్మ పేరు ఉందో లేదో ఈ వారమే అడగండి. లేకపోతే విడిగా తీసుకోండి, ఆయాసం సంగతి దాచకుండా రాయండి.

రాత్రి అవసరానికి 108 ఉంది. తెలిసిన అద్దె కారు డ్రైవరు నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచండి. ఏడాదికి పదిసార్లు పిలిచినా రెండు వాయిదాలంత కాదు. హైదరాబాద్ బస్సులు జడ్చర్ల మీదుగానే పోతాయి, అక్కడి నుంచి షేర్ ఆటో. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మీ భార్యకు, అమ్మకు టికెట్టు ఖర్చే లేదు. సాయంత్రం బస్సు రాని పల్లెలో ఉంటే వేరే మాట, మీరున్నది జిల్లా కేంద్రంలో.

నిధి నిండాక పాత కారో, విద్యుత్ స్కూటరో చూద్దాం. అప్పుడు మళ్లీ రాయండి. నగలు మాత్రం బీరువాలోనే ఉండనివ్వండి.