గ్యాస్ కట్టానా లేదా అన్న అనుమానం... చెప్పిన పని మరిచే భర్త

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ప్రతిదానికీ కంగారుపడే స్వభావం. బయల్దేరాక గ్యాస్ కట్టానా, తాళం పడిందా అని నాలుగైదుసార్లు వెనక్కి వచ్చి చూస్తాను. చూసిన నిమిషానికే మళ్లీ అనుమానం. మా వారు నాకు పూర్తిగా వ్యతిరేకం. అందరితో కలివిడిగా ఉంటారు, పాత క్రికెట్ స్కోర్లు కూడా టకటకా చెప్పేస్తారు. నేను చెప్పిన పని మాత్రం గుర్తుండదు. మొన్న పాప స్కూల్ ఫీజు గడువు దాటిపోయింది. ఆఫీసులో ఏదో పర్సనాలిటీ టెస్ట్ రాయించారట, ‘నా టైపే అంత’ అంటున్నారు. జ్ఞాపకశక్తి లోపం మా ఇద్దరిలో ఎవరికి?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇద్దరి జ్ఞాపకశక్తికీ వచ్చిన లోటేమీ కనిపించడం లేదు. ఎవరి దృష్టి దేని మీద నిలుస్తోందన్నదే తేడా.

ముందు మీ సంగతి. మళ్లీ మళ్లీ చూసుకుంటే నమ్మకం పెరుగుతుందని మీరనుకుంటున్నారు. నిజానికి తగ్గుతుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 2003లో ప్రచురించిన ప్రయోగంలో మామూలు విద్యార్థుల చేత కంప్యూటర్ తెర మీది గ్యాస్ పొయ్యిని 20 సార్లు తనిఖీ చేయించారు. ఇంకో బృందం చేత అన్నేసార్లు బల్బులను తనిఖీ చేయించారు. చివర్లో రెండు బృందాల చేతా పొయ్యిని తనిఖీ చేయించి దాని గురించి అడిగితే అందరూ దాదాపు ఒకేలా సరిగ్గా చెప్పారు. కానీ పొయ్యినే పదేపదే చూసినవాళ్లకు ఆ దృశ్యం మసకబారింది, తమ జ్ఞాపకం మీద తమకే నమ్మకం సడలింది.

కారణం ఉంది. మొదటిసారి చూసినప్పుడు నాబ్ ఎటు తిరిగి ఉంది, చేతికి ఎలా తగిలింది అన్నవి మనసులో పడతాయి. ఐదోసారికి చెయ్యి దానంతటదే తడిమి వచ్చేస్తుంది, మనసు అప్పటికే బస్సు దగ్గరుంటుంది. పైగా నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిసిపోతాయి. ‘కట్టాను’ అని తెలుస్తుంది, కట్టినట్టు కళ్లముందు కనపడదు. కంగారు స్వభావం ఉన్నవాళ్లు ఆ మసకను ‘కట్టలేదేమో’ అని చదువుకుంటారు.

కాబట్టి ఒక్కసారే చూడండి, నిదానంగా చూడండి. నాబ్ మీద చెయ్యి ఉంచి, ‘ఇవాళ మంగళవారం, పప్పుచారు దించాక కట్టాను’ అని ఒక్కసారి పైకి అనండి. రోజుకో కొత్త గుర్తు ఉంటే నిన్నటితో కలవదు. ఐదుసార్ల నుంచి ఒక్కసారిగా ఒకటికి దిగడం కష్టం. ఈ వారం మూడు, వచ్చే వారం రెండు, ఆ తర్వాత ఒకటి. వెనక్కి వెళ్లకపోతే గుండె దడ కాసేపు పెరుగుతుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. ఆ దిగడాన్ని మీరు చూడాలి, అసలు మందు అదే. ఫోన్లో ఫొటో తీసుకుని దారంతా చూసుకోవడం కూడా తనిఖీ కిందికే వస్తుంది. మీ వారిని ‘కట్టానా అండీ?’ అని నాలుగుసార్లు అడగడమూ అంతే. ఆయన ఒకసారి చెప్పి ఊరుకోవాలి.

ఇక మీ వారు. నాలుగు అక్షరాలతో మనిషిని ఒక రకంగా తేల్చే పరీక్షలను మళ్లీ కొన్ని వారాలకు రాస్తే చాలామందికి వేరే రకం వస్తుంది. అందుకే పరిశోధకులు ఎక్కువగా రకాలను కాక ఐదు లక్షణాల హెచ్చుతగ్గులను చూస్తారు. కలివిడితనం అందులో ఒకటి, పద్ధతిగా పని చేసుకునే గుణం మరొకటి. మొదటిది ఎక్కువున్నంత మాత్రాన మతిమరుపు రాదు. ‘నా టైపే అంత’ అన్నది సాకు.

అలాగని ఆయనకు మీ మీద పట్టింపు లేదని స్కోర్లు సాక్ష్యం చెప్పవు. క్రికెట్ గురించి ఇదివరకే బోలెడు తెలుసు కనుక కొత్త స్కోరు దానికి అతుక్కుంటుంది. గడప దగ్గర హెల్మెట్ పెట్టుకుంటున్నప్పుడు మీరు వెనక నుంచి చెప్పే ఆరు పనులకు అలాంటి ఆధారం లేదు. మనసు ఒకేసారి పట్టుకోగలిగేవి దాదాపు నాలుగు విషయాలే. ఫోన్ చూస్తూ ‘ఊఁ’ అన్నది అసలు లోపలికే వెళ్లలేదు, వెళ్లనిది గుర్తెలా వస్తుంది?

ఎదురుగా కూర్చున్నప్పుడు ఒక్క పని చెప్పండి. దాన్ని చోటుకు ముడిపెట్టి చెప్పండి: ‘సాయంత్రం మందులు తెండి’ అని కాకుండా ‘ఆఫీసు గేటు దాటగానే ఎడమవైపు మెడికల్ షాపులో అత్తయ్య బీపీ మాత్రలు’ అని. ఆయన దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. ఫీజులు, ఈఎంఐలు ఎవరి జ్ఞాపకానికీ వదలొద్దు. గడువుకు వారం ముందు ఒకటి, రెండు రోజుల ముందు ఒకటి అలారం ఆయన ఫోన్లో ఆయనే పెట్టుకోవాలి. ఆ బాధ్యత కూడా మీరే మోస్తే మీ కంగారు ఇంకా పెరుగుతుంది.

తనిఖీలకు రోజుకు గంటకు మించి పోతున్నా, వాటివల్ల పనికి ఆలస్యమవుతున్నా అది స్వభావం దాటిన విషయం, ఓసీడీ (వద్దన్నా వచ్చే అనుమానాలతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే మానసిక సమస్య) కావచ్చు. సైకియాట్రిస్టును గానీ క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవండి, చికిత్స ఉంది. మీ వారికి మరుపు ఈమధ్యే మొదలై పెరుగుతుంటే బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి, నిద్ర సరిపోతోందేమో చూడండి. తెలిసిన దారులు తప్పుతున్నా, అడిగిందే అడుగుతున్నా ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి.