ఇంకో అప్లికేషను పెట్టేముందు

కావలి
ఆదివారం

అబ్బయ్యా,

నిన్న రాత్రి ఫోనులో నీమీద అరిచానని మీ పెద్దమ్మ నన్ను తిట్టింది. మీ నాయన షావుకారు దగ్గర చేసిన అప్పు తీర్చడానికి నువ్వడిగిన లోను బ్యాంకు ఇవ్వనన్నందుకు కాదురా నా కోపం. ఇవ్వనన్నాక వారం తిరక్కుండా ఇంకో నాలుగు చోట్ల అడిగావే, అందుకు. ఫోనులో నేను చెప్పేది నువ్వు సగమే వింటావు. అందుకే రాస్తున్నా, నిమ్మళంగా చదువుకో.

ఇవాళ్టి నుంచి ఇంకెక్కడా అప్లై చెయ్యబాకు. నువ్వు అడిగిన ప్రతి చోటా వాళ్ళు నీ క్రెడిట్ రిపోర్టు, అంటే నీ అప్పులూ వాటిని కట్టిన తీరూ రాసుండే కాగితం, తెప్పించి చూస్తారు. ఫలానా తేదీన ఫలానా వాళ్ళు చూశారని ఆ రిపోర్టులోనే ఎక్కుతుంది. పొద్దున్నుంచి ఐదిళ్ళు తిరిగి చేబదులు అడిగినోడికి ఆరో ఇంటాయన ఇస్తాడా? వాడి అవసరం సంగతి తరవాత, ఆ ఐదుగురూ ఎందుకు లేదన్నారా అనే ఆలోచిస్తాడు. నీ రిపోర్టు నువ్వు చూసుకుంటే మాత్రం దాన్ని బట్టి నీకు వేసే మార్కు, అదే స్కోరు, ఒక్క పాయింటు కూడా తగ్గదు. ఈ తేడా తెలీక చాలామంది సొంత రిపోర్టు చూడ్డానికి భయపడతారు, కనపడిన యాప్‌లో మాత్రం వేలు నొక్కేస్తారు.

అందరూ సిబిల్ అంటారు గానీ ఈ రిపోర్టులు తయారుచేసే కంపెనీలు మన దేశంలో నాలుగుండాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఏడాదికొకసారి ఒక్కొక్కరూ పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2017 నుంచి రూలు పెట్టింది. వాళ్ళ సొంత వెబ్‌సైటులోనే తీసుకో. స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. 750 దాటితే ఆఫీసరు మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెడతాడు. నీది 668 అన్నావు. ఆ అంకె చూసి బెంగపడబాకు, దాని కింద ఒక్కొక్క లైనూ చదువు. జబ్బు యాడుందో అక్కడ తెలుస్తుంది.

నాకు అనుమానమున్నది నీ పాత బండి లోను మీద. చివర్లో కంతులు ఆగితే ఫైనాన్సు వాళ్ళొచ్చి, మొత్తం అక్కర్లేదు, ఇంత కట్టు చాలంటే కట్టేసి సంతకం పెట్టావు గుర్తుందా? తీరిపోయిందని నువ్వనుకున్నావు. రిపోర్టులో అది 'క్లోజ్డ్' అని కాకుండా 'సెటిల్డ్' అని ఉంటుంది. అంటే ఈ మనిషి పూర్తిగా కట్టలేదు, మేమే కొంత వదులుకున్నాం అని అర్థం. నేను లోన్లిచ్చే సర్వీసులో ఉన్నప్పుడు ఫైల్లో ఆ ఒక్క మాట కనపడితే మిగతా కాగితాలు తిప్పేవాణ్ణి కాదు. వాళ్ళ ఆఫీసుకి పోయి, వదిలేసిన మొత్తం ఎంతో అడిగి కట్టెయ్. బాకీ లేదని సర్టిఫికెట్టు తీసుకో, ఖాతాని 'క్లోజ్డ్'గా మార్చి ఆ నాలుగు కంపెనీలకీ పంపమని రాతపూర్వకంగా అడుగు. 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకొకసారి ఈ వివరాలు పంపాలి కాబట్టి మా రోజుల్లో లాగా నెలలు నెలలు పట్టదు. రిపోర్టులో తప్పేమన్నా ఉంటే అది ఇచ్చిన కంపెనీ వెబ్‌సైటులోనే ఫిర్యాదు చెయ్. ముప్పై రోజుల్లో సరిచెయ్యకపోతే ఆ పైన రోజుకి వంద రూపాయల చొప్పున నీకు పరిహారం ఇవ్వాలి. పనిలో పనిగా ఫారం 35 కూడా తీసుకుని బండి ఆర్సీలో ఫైనాన్సు పేరు తీయించు.

ఎవరికన్నా జామీను ఉన్నావేమో కూడా ఆ రిపోర్టులోనే చూడు. మొహమాటానికి సంతకం పెట్టేరకం మన ఇంట్లో నువ్వొక్కడివే కాదులే. తోటి ఉద్యోగికి సొసైటీ లోనులో నేను జామీను పెట్టాను. ఆయన చేతులెత్తేశాడు. పద్నాలుగు నెలలు నా జీతంలో కోశారు. అసలు అప్పుదారు ఎంత బాధ్యుడో జామీనుదారూ అంతే బాధ్యుడని ఊళ్ళో రైతులందరికీ చెప్పి సంతకాలు పెట్టించుకున్నవాణ్ణి నేనే!

ఇప్పుడు అసలు సంగతికొస్తా. నీకు లోను రాకపోడానికి స్కోరు సగం కారణమే. రెండో సగం నీ జీతం. చేతికి ముప్పై రెండు వేలు వస్తాయి సరే, అందులో పన్నెండు వేలు మీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వాళ్ళు కవర్లో పెట్టి ఇస్తారు గదా. కృష్ణపట్నం పోర్టు చుట్టూ ఇట్టాంటి ఆఫీసులు చాలా ఉండాయని నాకు తెలుసు. బ్యాంకుకి ఆ కవరు కనపడదు. దాని లెక్కలో నీ జీతం ఇరవై వేలే. అన్ని కంతులూ కలిపి జీతంలో సుమారు సగం దాటకూడదని చూస్తారు. సగమంటే పది వేలు. ఫోను కంతు 2,400 పోను మిగిలింది 7,600. నువ్వేమో ఐదు లక్షలు మూడేళ్ళకి అడిగావు. పన్నెండు శాతం వేసుకున్నా నెలకి 16,607 కట్టాలి. ఇచ్చుంటే ఆ ఆఫీసరుకి పిచ్చి అనుకోవాలి.

అయినా ఐదు ఎందుకురా? రొయ్యల గుంటకి తెల్లమచ్చ జబ్బు తగిలిన ఏడు మీ నాయన షావుకారుకి రాసిన ప్రామిసరీ నోటు మూడు లక్షలే కదా. మిగతా రెండూ చేతిలో ఉంటాయన్నావు. చేతిలో ఉండే డబ్బుకి కూడా వడ్డీ నడుస్తుంది.

మూడు లక్షలే అడుగు. మూడేళ్ళకైతే నెలకి 9,964. ఐదేళ్ళకైతే 6,673, ఇప్పటి ఇరవై వేల లెక్కలో కూడా ఇది పడుతుంది. కాకపోతే మూడేళ్ళకి మొత్తం వడ్డీ 58,700 అయితే, ఐదేళ్ళకి లక్ష దాటుతుంది. అందుకే మీ ఓనర్ని అడుగు, జీతమంతా బ్యాంకులో వెయ్యమని. పీఎఫ్ ఎక్కువ కట్టాల్సొస్తుందని ముందు గొణుగుతాడు. లోను కోసమని ఉన్నమాట చెప్పు, నువ్వు లేకపోతే ఆయన లారీలు కదలవు. ఆరు నెలలు పూర్తి జీతం స్టేట్‌మెంటులో కనపడితే సగమంటే పదహారు వేలు, అప్పుడు మూడేళ్ళ కంతు ఇబ్బంది లేకుండా సరిపోతుంది. పన్ను పడకపోయినా ఇన్‌కంటాక్సు రిటర్ను దాఖలు చెయ్.

ఆ ఆరు నెలల స్టేట్‌మెంటుని వాళ్ళు చాలా శ్రద్ధగా చదువుతారు. జీతం పడిన మూడో రోజుకే ఖాతా ఊడ్చి పెట్టినట్టు ఉండకూడదు. ఒక్క కంతు కూడా బౌన్సు కాకూడదు. ఆ క్రికెట్టు ఆటల యాప్‌కి రెండొందలు, మూడొందలు పంపినవి కూడా అందులో వరసగా కనపడతాయి, అవి నాకూ తెలుసు. క్రెడిట్ కార్డు యాభై వేల లిమిటులో నలభై ఆరు వాడేశావంట. దాన్ని పదిహేను వేల లోపుకి దించు. మినిమం కట్టి తప్పించుకుంటే మిగిలిన దానిమీద నెలకి నూటికి మూడున్నర, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువే వేస్తారు. మన భాషలో మూడున్నర రూపాయల వడ్డీ, మీ నాయన షావుకారు నయం!

ఆరు నెలలు ఆగితే నోటు మీద ముప్పై ఆరు వేలు పోతాయి పెదనాయనా అంటావు. నిజమే, రెండు రూపాయల వడ్డీ మూడు లక్షలకి నెలకి ఆరు వేలు, అసల్లో పైసా తగ్గదు. మీ అమ్మ హారం మీద బ్యాంకులో లక్ష తీసి నోటుకి జమ వేస్తే వడ్డీ నాలుగు వేలకి దిగుతుంది. బంగారం లోనుకి స్కోరు అంతగా పట్టించుకోరు. అప్పుడు నీకు పర్సనల్ లోను రెండు లక్షలు చాలు, తొందరగా వస్తుంది కూడా. హారం చెల్లెలి కోసమని మీ అమ్మ దాచిందని తెలుసు, అందుకే నేను అడగను. నువ్వే అడుగు. కాదంటే మాత్రం రెండోసారి అడగబాకు.

సిబిల్ పెంచిస్తాం, ఐదు వేలివ్వండి అనేవాళ్ళు ఫోన్లు చేస్తారు. నిజంగా జరిగిన ఎగవేతని ఎవరూ చెరపలేరు. లోను శాంక్షనయింది, ముందు ప్రాసెసింగ్ ఫీజు యూపీఐలో పంపండి అంటే అది దొంగ ఫోనే. నీ కాంటాక్టులూ ఫోటోలూ చూసుకోనివ్వమని అడిగే లోను యాప్‌ని తీసెయ్.

జీతం పడే బ్యాంకుకే ముందు పో, నెల మధ్యలో, జనం తక్కువుండే రోజు. నెల మొదటి వారంలో పెన్షను వాళ్ళ తాకిడికి నీ మాట వినే ఓపిక ఎవరికీ ఉండదు. ఎంతిస్తారని కాదు, కంతు ఎంత దాకా నాకు పడుతుందని అడుగు. సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంటు అని ఒక కాగితం ఇస్తారు, 2024 అక్టోబరు నుంచి ఇవ్వాల్సిందే. వడ్డీ, ఫీజులు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతమో అందులో ఉంటుంది. ముందే కట్టేస్తే ఏమన్నా కోస్తారేమో కూడా అందులోనే చూడు. ఇన్సూరెన్సు అక్కర్లేదంటే లోను ఇవ్వమని ఎవరన్నా అంటే అక్కణ్ణుంచే నాకు ఫోను చెయ్.

వచ్చే ఆదివారం రిపోర్టు ప్రింటు తీయించుకుని రా. మీ నాయన రాసిన నోటు జెరాక్సు ఉంటే అది కూడా తీసుకురా, వెనకాల ఇప్పటిదాకా కట్టిన జమలన్నీ పడ్డాయో లేదో చూద్దాం. లోను వచ్చిన రోజు షావుకారు ఇంటికి నువ్వొక్కడివే పోబాకు. నేనూ వస్తా. నోటు అసలు కాగితం బల్లమీద పెట్టించి, చెల్లు రాయించి, అప్పుడు డబ్బు లెక్కపెడదాం.

మీ పెదనాయన