రివర్బ్ మూగబోయిందా? ముందు చిప్‌ని అనుమానించకండి

ప్రశ్న: మా ఆర్కెస్ట్రా ట్రాన్సిస్టర్ గిటార్ యాంప్‌లో మామూలు సౌండ్ బాగానే ఉందండి. ప్రతిధ్వని ఎఫెక్టులైన రివర్బ్, డిలే మాత్రం అరగంట వాడాక బర్రుమని ఆగిపోతున్నాయి. మెకానిక్ డిజిటల్ బోర్డు మార్చాలంటున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: తొందరపడకండి. వేడెక్కాక పోతోందంటే అనుమానం ముందు కరెంటు అందించే భాగం మీదే.

ముందుగా ఫుట్‌స్విచ్ ప్లగ్ తీసి చూడండి. కొన్ని యాంప్‌లలో అది షార్టయితే ఎఫెక్ట్ ఆగిపోతుంది. తర్వాత మెయిన్ ప్లగ్ పీకి, పెద్ద కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాయని మీటరుతో చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి. బోర్డుకెళ్లే రిబ్బన్ కేబుల్‌ను ఊడదీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మళ్లీ బిగించండి. మీ పక్కనున్న గోపాల్‌పూర్ సముద్రపు ఉప్పుగాలికి ఆ పిన్నులు నల్లబడతాయి.

చాలా బోర్డుల్లో 7805 రెగ్యులేటర్ ఉంటుంది; చిప్‌కి నిలకడగా 5 వోల్టులు అందించే మూడు కాళ్ల భాగమిది. అక్షరాలు మీవైపు పెడితే ఎడమ కాలు ఇన్‌పుట్, మధ్యది గ్రౌండ్, కుడిది అవుట్‌పుట్. యాంప్ వేసి, ప్రోబ్ జారకుండా కొలవండి: ఇన్‌పుట్ కనీసం 7.5, అవుట్‌పుట్ 4.75 నుంచి 5.25 వోల్టులు. వేడెక్కాక పడిపోతే కాళ్ల దగ్గర సోల్డర్ చుట్టూ సన్నటి ఉంగరంలాంటి పగులుందేమో భూతద్దంతో వెతకండి. బర్రుమంటోంది కాబట్టి ఇన్‌పుట్ వైపు ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయి ఉండొచ్చు. అదే విలువ, అంతే లేదా ఎక్కువ వోల్టేజి, 105 డిగ్రీల వేడి తట్టుకునేది వేయండి. ప్లస్, మైనస్ తారుమారైతే పేలుతుంది!

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పలక్కపోతేనే బోర్డు మాట. విడిచిప్ కొనకండి, అందులో ప్రోగ్రామ్ ఉండకపోవచ్చు.