డాక్టర్ సలహా: ఎముక పొడిలో ప్రోటీన్ కలిపితే దవడ ఎముక పెరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 49 ఏళ్లు. కొన్నేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. రెండేళ్ల క్రితం కింది దవడలో ఒక దంతం తీయించుకున్నాను. ఇప్పుడు ఇంప్లాంట్ కోసం వెళితే, అక్కడ ఎముక సన్నబడిందని, ముందు బోన్ గ్రాఫ్ట్ (ఎముక తగ్గిన చోట ఎముక పొడి వంటిది నింపడం) వేయాలని డెంటిస్టు చెప్పారు. మామూలు ఎముక పొడి, నా రక్తం నుంచి తీసిన పదార్థం కలిపిన పొడి, ఎముకను పెంచే ప్రోటీన్ ఉన్న ఖరీదైన గ్రాఫ్ట్ అని మూడు రకాలు చెప్పి ఎంచుకోమన్నారు. ప్రోటీన్ నిజంగా ఎముకను పెంచుతుందా? ఆ పొడిని పశువుల ఎముకల నుంచి తీస్తారట, నిజమేనా? ప్రోటీన్ పౌడర్ తాగితే సరిపోదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: దంతం ఉన్నంత కాలం నమిలే ఒత్తిడి దాని చుట్టూ ఉన్న ఎముకకు అందుతూ ఉంటుంది. దంతం తీసేశాక ఆ ఎముకకు పని లేకుండా పోవడంతో శరీరం దాన్ని క్రమంగా కరిగించుకుంటుంది. మొదటి ఏడాదిలోనే ఆ చోట దవడ వెడల్పు దాదాపు సగానికి తగ్గవచ్చు, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే కరుగుతుంది. మీకు రెండేళ్లు గడిచాయి కాబట్టి గ్రాఫ్ట్ అవసరమని మీ డాక్టర్ చెప్పడంలో అసహజమేమీ లేదు.

ఇక ప్రోటీన్ సంగతి. ఎముక బరువులో సుమారు మూడింట రెండు వంతులు కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడిన ఖనిజమే. నీటిని మినహాయిస్తే, మిగిలిన దానిలో అత్యధికం కొల్లాజెన్ అనే ప్రోటీన్. అది ఎముకకు అల్లికలాంటి నిర్మాణాన్ని ఇస్తుంది. ఆ అల్లికలో అతి స్వల్ప మోతాదుల్లో ఇరుక్కుని ఉండే మరికొన్ని ప్రోటీన్లు ఉన్నాయి. వీటి పని నిర్మాణం కాదు, కణాలకు సందేశం అందించడం. గ్రాఫ్టుల చర్చలో 'ఎముకను పెంచే ప్రోటీన్' అన్నప్పుడు సాధారణంగా వీటినే ఉద్దేశిస్తారు. ఈ కుటుంబంలో ముఖ్యమైన వాటిని బీఎంపీలు (బోన్ మార్ఫోజెనెటిక్ ప్రోటీన్లు) అంటారు.

వీటి ఉనికి బయటపడిన తీరు ఆసక్తికరం. 1965లో లాస్ ఏంజెలిస్‌కు చెందిన ఎముకల శస్త్రవైద్యుడు మార్షల్ యూరిస్ట్, ఎముక ముక్కలను ఆమ్లంలో నానబెట్టి, ఖనిజమంతా తొలగించి, మిగిలిన మెత్తటి ప్రోటీన్ భాగాన్ని కుందేళ్ల వంటి జంతువుల కండరాల్లో అమర్చి చూశారు. ఎముకతో ఏ సంబంధమూ లేని ఆ కండరంలో కొత్త ఎముక పుట్టింది. అంటే అమర్చిన పదార్థంలోని ఏదో ఒక అంశం, ఆ జంతువు సొంత కణాలనే ఎముక కట్టే కణాలుగా మార్చిందన్న మాట. 1981లో కుబేర్ సంపత్, హరి రెడ్డి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకు వేశారు. ఖనిజం తీసేసిన ఎముక నుంచి కరిగే ప్రోటీన్లను ఒక వైపు, కరగని కొల్లాజెన్‌ను మరో వైపు వేరు చేసి చూస్తే, విడివిడిగా ఏదీ ఎముకను పుట్టించలేదు. రెండింటినీ తిరిగి కలిపినప్పుడు ఎముక ఏర్పడింది. సందేశం ఇచ్చే ప్రోటీన్‌కు అది నిలిచి ఉండే ఆధారం కూడా కావాలని దీనితో తేలింది. నేడు బీఎంపీని కొల్లాజెన్ స్పాంజిలో ఇంకించి ఇవ్వడానికి కారణం ఇదే. ఆధారం లేకుండా ప్రోటీన్‌ను మాత్రమే చేరిస్తే, పని మొదలయ్యేలోపే అది అక్కడి నుంచి కొట్టుకుపోతుంది.

గ్రాఫ్ట్ వేసిన చోట ఈ ప్రోటీన్, చుట్టుపక్కల ఎముక మజ్జ నుంచీ, రక్తనాళాల పక్క నుంచీ వచ్చే మూలకణాల ఉపరితలం మీది గ్రాహకాలకు (సందేశాన్ని అందుకునే భాగాలకు) అతుక్కుంటుంది. దాంతో కణం లోపల ఒక సంకేతాల వరుస మొదలై, ఎముక నిర్మాణానికి అవసరమైన జన్యువులు పని చేయడం ప్రారంభిస్తాయి, ఆ కణాలు ఆస్టియోబ్లాస్టులుగా, అంటే ఎముక కట్టే కణాలుగా మారి ముందు కొల్లాజెన్‌ను పేర్చి, తర్వాత దానిలో ఖనిజాన్ని నింపుతాయి. ఈ పనికి ప్రాణవాయువు, పోషకాలు మోసే కొత్త రక్తనాళాలు అక్కడికి చేరాలి. అందుకే రక్తనాళాలను పెంచే ప్రోటీన్ల పాత్ర కూడా చిన్నదేమీ కాదు. ప్రోటీన్ తానుగా ఎముకగా మారదు, మీ కణాలను పిలిచి పనిలో పెడుతుంది, అంతే. పనిచేసే కణాలు, రక్త ప్రసరణ సరిగా లేని చోట ఎంత ఖరీదైన ప్రోటీన్ వేసినా ఫలితం పరిమితమే.

ఇప్పుడు మీకు చెప్పిన మూడు రకాలను చూద్దాం. దంతవైద్యంలో విరివిగా వాడే ఎముక పొడి చాలావరకు ఆవు ఎముక నుంచి తయారైనదే. మీరు విన్నది నిజం. అయితే అందులో ప్రోటీన్ ఉండదు. అధిక ఉష్ణోగ్రత వద్ద, రసాయనాలతో శుద్ధి చేసి, శరీరం తిరస్కరించే ప్రమాదం, వ్యాధులు సోకే ప్రమాదం లేకుండా ప్రోటీన్లన్నీ తొలగించి, ఖనిజ భాగాన్ని మాత్రమే మిగులుస్తారు. సూక్ష్మరంధ్రాలున్న ఆ పొడి, తీగకు పందిరిలాగా, పక్కనున్న ఎముక నుంచి కణాలు పాకి రావడానికి చోటు ఇస్తుంది. సందేశమేమీ ఇవ్వదు. ఒక్క దంతం చోట, పక్క గోడలు కొంతైనా నిలిచి ఉన్న చిన్న లోపానికి ఇది చాలా సందర్భాల్లో సరిపోతుంది. పశువుల పదార్థం వాడటం ఇష్టం లేకపోతే ముందే చెప్పండి. కృత్రిమంగా తయారైన కాల్షియం ఫాస్ఫేట్ రకాలు ఉన్నాయి. గ్రాఫ్ట్ మీద పరిచే కొల్లాజెన్ పొర కూడా తరచుగా ఆవు లేదా పంది నుంచి వచ్చినదే ఉంటుంది కాబట్టి, దాని గురించి కూడా అడగడం మరచిపోవద్దు. ఇది ఆరోగ్యానికి సంబంధించిన అభ్యంతరం కాదు గానీ, శస్త్రచికిత్స అయ్యాక తెలిసి బాధపడేవారిని చూస్తూనే ఉన్నాం, తెలుసుకునే హక్కు మీకు ఉంది.

రెండోది పీఆర్‌ఎఫ్, అంటే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ఫైబ్రిన్ (రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్). మీ చేతి నుంచి కొద్దిగా రక్తం తీసి, యంత్రంలో తిప్పి, ఫైబ్రిన్ గడ్డగా మార్చి పొడితో కలుపుతారు. అందులోని ప్లేట్‌లెట్లు గాయం మానడానికి తోడ్పడే ప్రోటీన్లను కొన్ని రోజుల పాటు విడుదల చేస్తాయి. చిగురు త్వరగా మానడంలో దీని ప్రయోజనం ఉంది. అదనంగా పెరిగే ఎముక విషయంలో మాత్రం అతిగా ఆశించవద్దు. మీ సొంత రక్తమే కాబట్టి ప్రమాదం చాలా తక్కువ.

మూడోది ప్రయోగశాలలో తయారు చేసే బీఎంపీ-2. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని మొదట 2002లో నడుము వెన్నుపూసల శస్త్రచికిత్సకు, 2007లో పై దవడ సైనస్, దంతం తీసిన చోటి ఎముక పెంపులకు అనుమతించింది. ఎముకను పుట్టించే శక్తి దీనికి నిజంగానే ఉంది. కానీ ఎముకలో సహజంగా ఉండే దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదులో వాడతారు కాబట్టి వాపు ఎక్కువగా రావచ్చు. మెడ వెన్నుపూస చికిత్సల్లో ప్రాణాపాయకరమైన వాపు వచ్చిన ఉదంతాలపై అదే సంస్థ 2008లో హెచ్చరించింది. గర్భిణులకు, ఆ ప్రాంతంలో కణితి ఉన్నవారికి ఇది వాడరు. పెద్ద లోపాలకు, మునుపటి గ్రాఫ్ట్ విఫలమైన చోట్లకు దీని గురించి ఆలోచించవచ్చు. ఒక్క దంతం కోసం, అదీ సీబీసీటీ (దవడ ఎముకను త్రీడీలో చూపే ఎక్స్‌రే) స్కాన్‌లో లోపం చిన్నదని తేలితే, ఇంత ఖర్చు పెట్టడం అనవసరమని నా అభిప్రాయం. స్కాన్ చూపించి, మీ కేసులో ఎందుకు కావాలో వివరించమని మీ డాక్టర్‌ను అడగండి.

మీ విషయంలో ప్రోటీన్ కంటే షుగర్ పెద్ద అంశం. రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే ఎముక కట్టే కణాల పని మందగిస్తుంది, కొల్లాజెన్ నాణ్యత తగ్గుతుంది, ఇన్ఫెక్షన్ అవకాశం పెరుగుతుంది. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను తెలిపే) పరీక్ష చేయించుకుని, 7 శాతానికి దగ్గరగా తెచ్చుకున్నాక గ్రాఫ్ట్ వేయించుకోవడం మంచిది. రెండు మూడు నెలలు ఆగినందువల్ల పోయేదేమీ లేదు, కరగాల్సిన ఎముక చాలావరకు ఇప్పటికే కరిగిపోయింది. చుట్ట, అడ్డపొగ, గుట్కా వంటి అలవాట్లుంటే ముందే మానేయాలి. ఎముకల బలహీనతకు వారానికోసారి మాత్ర గానీ, ఆరు నెలలకో ఏడాదికో ఇంజెక్షన్ గానీ వాడుతున్నట్లయితే తప్పక చెప్పండి, ఆ మందులు వాడేవారిలో దవడ ఎముక అరుదుగా చచ్చుబడే ప్రమాదం ఉంటుంది. అలాగని వాటిని మీ అంతట మీరు ఆపవద్దు.

ప్రోటీన్ పౌడర్ విషయానికొస్తే, మీరు తిన్న ప్రోటీన్ జీర్ణమై అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది, గ్రాఫ్ట్‌లోని సందేశకారిగా అది పనిచేయదు. అయితే కొల్లాజెన్ కట్టడానికి ఆ ముడిసరుకు కావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పప్పు, పెరుగు, గుడ్లు, చేపలతో ఇది సమకూరుతుంది. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ను అడగకుండా పౌడర్లు మొదలుపెట్టవద్దు. కొల్లాజెన్ తయారీకి విటమిన్ సి కూడా అవసరం కాబట్టి ఉసిరి, జామ వంటివి తీసుకోండి.

గ్రాఫ్ట్ వేశాక నాలుగు నుంచి ఆరు నెలల తర్వాతే సాధారణంగా ఇంప్లాంట్ పెడతారు. మొదటి వారంలో చిన్న చిన్న పలుకులు నోట్లోకి వస్తే కంగారు పడనక్కర్లేదు. మూడో రోజు తర్వాత వాపు తగ్గకుండా పెరిగినా, చీము, దుర్వాసన, జ్వరం కనిపించినా, కుట్లు విడిపోయి పొర బయటపడినా ఆగకుండా మీ డెంటిస్టును కలవండి.