నీటిని ఆపితే చాలు: చీజ్, పచ్చి ఆకుల సలాడ్ డ్రెస్సింగ్ గురించి ఒక ఉత్తరం

పద్మారావునగర్,
హైదరాబాద్

అమ్మలూ,

నువ్వు చేసిన సలాడ్ డ్రెస్సింగ్, అదే పెరుగు, చీజ్, ఆకులు కలిపి సలాడ్ మీద వేసుకునే చిక్కటి కలుపు, దాని ఫొటో చూశాను. గిన్నె అడుగున పచ్చటి నీళ్లు, పైన చీజ్ పలుకులు, పక్కనే వడలిపోయిన లెట్యూస్. ఫెటా, అదే ఉప్పునీటిలో నానబెట్టే తెల్లటి చీజ్, మంచిది దొరకలేదేమో అని అడిగావు. చీజ్‌లో లోపమేమీ లేదు తల్లీ. అక్కడ జరిగిందంతా నీటి వల్లే. పెరుగులోని తేట, కడిగిన ఆకులకు అంటిన తడి, ఫెటా నానిన ఉప్పునీరు, చివర్లో కీరదోస ముక్కలు వదిలిన నీరు... ఈ నాలుగింటినీ ఎక్కడికక్కడ ఆపితే నీ డ్రెస్సింగ్ చెంచాకు పట్టుకుని నిలుస్తుంది. ఒక్కొక్కటే చెబుతాను, ఓపిగ్గా చదువు.

ముందు పెరుగు. అర కిలో కావాలి. ప్యాకెట్ పాలతో తోడు పెడితే ఫుల్ క్రీమ్ పాలు తీసుకో, వాటిలో 6 శాతం వెన్న ఉంటుంది. టోన్డ్ పాలలో ఉండేది 3 శాతమే కాబట్టి ఆ పెరుగును గుడ్డలో కట్టి నీరు దించినా పొడిపొడిగా, సున్నపుముద్దలా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన వంటింట్లో పెరుగు నాలుగైదు గంటల్లోనే తోడుకుంటుంది. ఆ తర్వాత బయట ఉన్న ప్రతి గంటా పులుపు పెరుగుతూనే ఉంటుంది. గిన్నె కదిపితే పెరుగు కదలకుండా ఉందనగానే ఫ్రిజ్‌లోకి మార్చెయ్. పులిసిన పెరుగుతో చేస్తే ఆ పులుపు కింద చీజ్ రుచి, ఆకుల వాసన రెండూ అణిగిపోతాయి. చక్కెర వేసి దాన్ని సరిచేయాలని చూడకు, తీపీ పులుపూ రెండూ మిగులుతాయి.

పల్చటి నూలు గుడ్డ నాలుగు మడతలు వేసి జల్లెడలో పరిచి, పెరుగు పోసి, కింద లోతైన గిన్నె పెట్టి, మొత్తాన్నీ ఫ్రిజ్‌లో ఐదు గంటలు ఉంచు. సింకు కుళాయికి వేలాడదీసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఈ ఎండల్లో ఆ పని వద్దు, నీరు కారే లోపే పెరుగు పులిసిపోతుంది. గుడ్డకు సబ్బు వాసన లేకుండా చూసుకో, పెరుగు ఆ వాసనను వెంటనే పట్టేస్తుంది. ఐదు గంటల తర్వాత అర కిలోకు దాదాపు 240 గ్రాముల గట్టి ముద్ద దిగుతుంది. కిందికి దిగిన తేటను పారబోయకు, దానితో పని ఉంది.

ఇక చీజ్. అసలైన ఫెటా గ్రీసుది. 2002 నుంచి యూరప్‌లో ఆ పేరు గ్రీకు చీజ్‌కే చెల్లుతుంది, అందులో కనీసం 70 శాతం గొర్రె పాలు ఉండాలి, మిగతావి మేక పాలు కావచ్చు. మన సూపర్ మార్కెట్లలో ఫెటా పేరుతో దొరికేది ఎక్కువగా ఆవు పాలతో చేసినది. అది కాస్త సాదాగా, ఉప్పగా ఉంటుంది. ఈ పనికి అదీ సరిపోతుంది. 75 గ్రాములు చాలు. ఉప్పునీటిలోంచి తీసి మంచినీళ్లలో ఒకసారి ముంచి, గుడ్డమీద పెట్టి నాలుగు వైపులా అద్ది తడి పీల్చెయ్. ఈ ఒక్క పని మానేయడం వల్లే నీ డ్రెస్సింగ్‌లో ఉప్పు ఎక్కువైంది, నీరూ చేరింది.

ఫెటా దొరకని రోజు పనీర్‌తో చేసుకోవచ్చు. కానీ పనీర్‌ను నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరిచి అప్పటికప్పుడు చేస్తారు కదా, ఊరబెట్టిన చీజ్‌కు ఉండే ఉప్పదనం, ఘాటు దానికి ఉండవు. అందుకని 100 గ్రాముల పనీర్‌ను గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, తుడిచి, పావు చెంచా ఉప్పు, రెండు టేబుల్ స్పూన్ల తేట వేసి మిక్సీ చిన్న జార్‌లో మెత్తగా తిప్పు. దానికి తోడు 15 గ్రాముల పార్మెసాన్ (బాగా ఊరిన గట్టి చీజ్) సన్నగా తురిమి కలిపితే లోటు తీరుతుంది. ఒక్క మాట: ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మెసాన్‌ను దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్‌తో గడ్డకట్టిస్తారు. మీ అత్తగారు శాకాహారి కాబట్టి డబ్బా మీద పచ్చచుక్క చూసి మరీ కొను. పచ్చచుక్క ఉన్న గట్టి చీజ్‌లు మన దేశంలోనూ తయారవుతున్నాయి. పిల్లలు తినే చీజ్ క్యూబులు మాత్రం ఇందులో వేయకు. చీజ్‌ను కరిగించి మళ్లీ గడ్డకట్టించి చేసినవి అవి, చల్లటి పెరుగులో రబ్బరు ముక్కల్లా పంటికి తగులుతాయి.

ఆకుల గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే డ్రెస్సింగ్‌కు ప్రాణం అక్కడే ఉంది. కొత్తిమీర చిన్న కట్ట, పుదీనా పది పన్నెండు ఆకులు, ఉల్లికాడల పచ్చభాగం రెండు కాడలది, సోయికూర తరుగు ఒక టేబుల్ స్పూన్. అమెరికా వాళ్లు డిల్ అనేది ఈ సోయికూరే. పాతబస్తీ ఇళ్లలో మెంతికూరతో పాటు కీమాలో వేస్తారు చూడు, అదే. ఎర్రగడ్డ, మెహదీపట్నం రైతుబజార్లలో, మోండా మార్కెట్‌లో ‘సోయా’ అని అడిగితే కట్ట చేతిలో పెడతారు. పెద్ద సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు రెమ్మలకు డబ్బు పోయనక్కర్లేదు. పెరుగుకూ ఉప్పటి చీజ్‌కూ సోయికూర కుదిరినంతగా మరో ఆకు కుదరదని నా గట్టి నమ్మకం. పుదీనా మాత్రం చెప్పిన లెక్క దాటనివ్వకు. దాటిందంటే అది బిర్యానీ పక్కన పెట్టే రైతా అయిపోతుంది.

బేసిల్ (ఇటలీ వంటల్లో వాడే తులసి జాతి ఆకు) లేదని మన తులసి వేయకు. తులసికి లవంగం లాంటి ఘాటు ఉంటుంది, చీజ్‌తో పొసగదు. ఒరెగానో కావాలనిపిస్తే మీ బాల్కనీ కుండీలో ఉన్న వాము ఆకు ఒక్కటి తీసుకుని అతి సన్నగా తరుగు. రెండింటి వాసనకూ మూలం దాదాపు ఒకటే. ఆ ఆకు దళసరిగా, నీరు నిండి ఉంటుంది కాబట్టి ఒక్కటి దాటొద్దు. పిజ్జాతో వచ్చే పొట్లాంలోని ఎండు ఒరెగానో అయితే అర చెంచాను నిమ్మరసంలో పది నిమిషాలు నానబెట్టి వెయ్, లేకపోతే గడ్డిపరకల్లా నాలుకకు తగులుతుంది.

ఈ ఆకులన్నీ మూడు నీళ్లు మార్చి కడుగు, వానాకాలంలో మన్ను ఎక్కువ. కడిగాక నూలు గుడ్డమీద పలచగా పరిచి, ఫ్యాన్ కింద అరగంట వదిలెయ్. పట్టుకుంటే చేతికి తడి అంటకూడదు. అప్పుడు కత్తిపీటతోనో పదునైన కత్తితోనో తరుగు. మిక్సీ వద్దు. మొద్దు కత్తి అయినా, మిక్సీ అయినా ఆకును కోయవు, నలిపేస్తాయి. నలిగిన ఆకు రసం వదులుతుంది, పుదీనా నల్లబడుతుంది. నీ గిన్నెలో కనిపించిన పచ్చనీళ్లు అవే.

మిక్సీతో ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. కట్టిన పెరుగును మిక్సీలో తిప్పితే దాని కట్టు తెగి పలచబడుతుంది, తర్వాత ఫ్రిజ్‌లో ఎంతసేపు పెట్టినా మొదటి చిక్కదనం తిరిగి రాదు. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను మిక్సీ వేగంలో తిప్పితే చేదెక్కుతుంది. నువ్వు ‘కొంచెం చేదుగా ఉంది’ అని రాసింది దాని వల్లే అయ్యుంటుంది. ఇందులో మిక్సీ పని పనీర్ వరకే.

ఇప్పుడు కలిపే వరస. ఒక చిన్న వెల్లుల్లి రెబ్బను నిలువుగా చీల్చి, మధ్యలో పచ్చటి మొలక ఉంటే తీసేసి, మెత్తగా నూరి రెండు చెంచాల నిమ్మరసంలో ఐదు నిమిషాలు ఉంచు. పులుపు తగిలితే పచ్చి వెల్లుల్లి ఘాటు తగ్గుతుంది. ఇంకో గిన్నెలో పావు చెంచా ఆవపిండిని ఒక చెంచా చన్నీళ్లతో తడిపి పది నిమిషాలు ఆగు. ఆవకు ఘాటు తడి తగిలాకే పుడుతుంది. వేడినీళ్లు పోస్తే అసలు పుట్టదు, తడవక ముందే నిమ్మరసం తగిలితే సరిగా ఎదగదు. ఘాటు కోసమే కాదు, నూనె, తేట విడిపోకుండా పట్టి ఉంచేదీ ఈ ఆవపిండే. ఆవ పెట్టిన కూర వండే ఇంట్లో డిజోన్ మస్టర్డ్ (ఫ్రెంచి ఆవముద్ద) సీసా కోసం వెతుక్కోనక్కర్లేదు.

వెడల్పాటి గిన్నెలో ఫెటా వేసి ఫోర్కుతో మెదుపు. రెండు టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె కొద్దికొద్దిగా పోస్తూ, ఆవముద్ద, వెల్లుల్లి కలిపిన నిమ్మరసం చేర్చి, గరిటె వెనకభాగంతో గిన్నె గోడకు నొక్కుతూ మూడు నాలుగు నిమిషాలు రుద్దు. ఆలివ్ నూనె లేకపోతే వాసన లేని పొద్దుతిరుగుడు నూనె పరవాలేదు. గానుగ వేరుశనగ నూనె, నువ్వుల నూనె మాత్రం ఆకుల వాసనను మింగేస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన చీజ్‌ను వెంటనే మెదిపితే పలుకులు కడతాయి, అందుకే పావుగంట ముందు బయట పెట్టు. పలుకులు అప్పటికీ మిగిలితే ముద్దను జల్లెడలో వేసి గరిటెతో నొక్కి దించు. పెరుగు కలిపాక ఇక పలుకులు పోవు.

తర్వాత కట్టిన పెరుగును మూడు విడతలుగా కలుపు, బీటర్ పెట్టకుండా గరిటెతోనే. తరిగిన ఆకులు, అర చెంచా మిరియాల పొడి చేర్చు. ఉప్పు వేయకు. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఒక గంట ఉంచు. ఈ గంటలో ఆకుల వాసన నూనెలోకి, పెరుగులోకి దిగుతుంది, చీజ్ ఉప్పు అంతటా పరుచుకుంటుంది. గంట తర్వాతే రుచి చూసి ఉప్పు కావాలంటే చిటికెడు, పులుపు కావాలంటే ఇంకో చెంచా నిమ్మరసం. నిమ్మరసం మొత్తం ముందే పోస్తే ఆకుల పచ్చరంగు ముదురు ఆలివ్ రంగులోకి మారిపోతుంది. నిమ్మతొక్క తురుము నాలుగైదు గీరలు వేసినా బాగుంటుంది, కాకపోతే మన నిమ్మకాయ తొక్క పలచన, కిందున్న తెల్లపొర దాకా వెళ్లావంటే చేదు.

చిక్కదనం నీ ఇష్టం. క్యారెట్, కీర కడ్డీలు ముంచుకు తినడానికైతే అలాగే ఉంచెయ్. సలాడ్ ఆకులకు పట్టాలంటే దాచిపెట్టిన తేటను ఒక్కో టేబుల్ స్పూన్ కలుపుతూ పో. సాధారణంగా నాలుగైదు పడతాయి. చెంచా వెనక రాసి వేలితో గీత గీస్తే ఆ గీత నిలవాలి. నీళ్లు పోస్తే ఇదే చిక్కదనం వస్తుంది కానీ రుచి చప్పబడుతుంది. తేట పెరుగులోంచి వచ్చినదే కాబట్టి ఆ బాధ లేదు. ఉప్పెక్కితే నీళ్లు కలపకు, ఇంకాస్త కట్టిన పెరుగు కలుపు. పులుపెక్కితే ఒక చెంచా మీగడ.

మయోనీస్ వేస్తే ఇంత శ్రమ ఉండదు కదా అంటావని తెలుసు. పచ్చిగుడ్డు సొనతో చేసే మయోనీస్‌ను మన ఊరి ఎండలో నేను నమ్మను. అందులో కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటే నిమ్మరసం దాన్ని చంపుతుందన్న భరోసా లేదు. 2024 అక్టోబర్ 30 నుంచి తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనీస్‌ను ఏడాది పాటు నిషేధించిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. నునుపు కోసమైతే కట్టిన పెరుగు, నూనె, ఆవ చాలు.

ఇక సలాడ్ వైపు నీరు. లెట్యూస్‌ను ఐసునీళ్లలో పది నిమిషాలు ఉంచితే కరకరలాడుతుంది, కానీ తర్వాత గుడ్డలో మూటకట్టి విదిలించి పొడిగా ఆరబెట్టకపోతే డ్రెస్సింగ్ ఆకుకు అంటదు, జారి అడుగుకు చేరుతుంది. కీరదోస ముక్కలకు చిటికెడు ఉప్పు రాసి పావుగంట ఉంచి పిండెయ్, పెరుగుపచ్చడికి చేసినట్టే. టమాటా గింజల గుజ్జు తీసెయ్. ఉల్లిముక్కలు చన్నీళ్లలో ఉంచి ఆరబెట్టు. 100 గ్రాముల ఆకులకు రెండు టేబుల్ స్పూన్ల డ్రెస్సింగ్ సరిపోతుంది. అదీ అందరూ కూర్చున్నాక, వడ్డించే ముందు. ముందే కలిపి ఉంచితే ఉప్పు ఆకుల్లోంచి నీరు లాగుతుంది, నీ ఫొటోలో జరిగింది అదే. ఆఫీసుకు తీసుకెళ్లేటప్పుడు డ్రెస్సింగ్ చిన్న సీసాలో విడిగా పట్టుకెళ్లి, అక్కడ ఫ్రిజ్‌లో పెట్టు.

మిగిలింది పొడి గాజు సీసాలో పోసి, మూత మీద తారీకు రాసి ఫ్రిజ్ లోపలివైపు పెట్టు, తలుపు అరలో కాదు. నాలుగు రోజులు ఉంటుంది. రెండో రోజు పైన కాస్త తేట తేలితే అది చెడిపోయినట్టు కాదు, గరిటెతో కలుపుకో. తడి చెంచా, నోట్లో పెట్టిన చెంచా సీసాలో పెట్టకు. బయట రెండు గంటలు దాటితే, మే నెల ఎండలో అయితే గంట దాటితే, పారేసెయ్. కరెంటు పోయి ఫ్రిజ్ నాలుగు గంటలకు పైగా ఆగినా అంతే.

ఇంకా తేట మిగిలితే చపాతీ పిండి కలుపు, మెత్తగా వస్తాయి. ఈ ఆదివారం మళ్లీ చేసి చూడు. శనివారం రాత్రే పెరుగు గుడ్డలో పోసి పెట్టుకుంటే పొద్దున్నే పని మొదలుపెట్టవచ్చు. ఈసారి కూడా ఎక్కడైనా పలచబడితే, ఏ మెట్టు దగ్గర పలచబడిందో రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ