బెంగళూరు నగరపాలిక బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మన రోడ్లు, నీళ్లు బాగుపడతాయా?

బెంగళూరు తూర్పున వైట్‌ఫీల్డ్ వైపు ఇల్లు కొన్నవారు అడిగిన ప్రశ్న ఇది. విడదీసినంత మాత్రాన బాగుపడవండీ. ఏ పని ఎవరి చేతిలో ఉందో ముందు చూడాలి. 2025 సెప్టెంబరులో ఐదుగా విడిపోయింది కార్పొరేషన్ ఒక్కటే. నీళ్లు, మురుగు బెంగళూరు జలమండలివి, కరెంటు బెస్కాంది, బస్సులు బీఎంటీసీవి. ఇవి అప్పుడూ ఇప్పుడూ రాష్ట్రం కిందే ఉన్నాయి. వీటన్నిటినీ ఒక దారిలో నడపడానికే ముఖ్యమంత్రి అధ్యక్షతన గ్రేటర్ బెంగళూరు అథారిటీ పెట్టారు. మేలు జరిగితే అక్కడి నుంచే జరగాలి.

2007లో బీబీఎంపీ ఏర్పడినప్పుడు 110 పల్లెల్ని నగరంలో కలిపారు. ఆ పల్లెల కోసం తలపెట్టిన కావేరి నీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరుకి గానీ నీళ్లివ్వడం మొదలుపెట్టలేదు. రోజుకు 77.5 కోట్ల లీటర్లు తెచ్చే పంపులు, పైపులు పడ్డాకే నీళ్లొచ్చాయి. బోర్డు మీద పేరు మారినందుకు రాలేదు.

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. ఢిల్లీ కార్పొరేషన్‌ని 2012లో మూడు చేశారు. తూర్పు, ఉత్తర భాగాలకు ఆదాయం చాలక జీతాలు ఆగాయి, పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. 2022లో మళ్లీ ఒకటి చేశారు. మహదేవపుర, కె.ఆర్.పురం ఉన్న మీ తూర్పు కార్పొరేషన్‌కి ఐటీ కంపెనీల ఆస్తిపన్ను ఉంది కాబట్టి ఆ బాధ తక్కువ. పన్ను అంతగా రాని భాగాల మాటేమిటన్నదే నా దిగులు.

ఇక రోడ్డు. గుంతలు పడటానికి పెద్ద కారణం పైపుల కోసం తవ్వకాలు. తవ్విన మట్టినే ఒక్కసారిగా ట్రెంచ్‌లో పోసి పైన తారు వేస్తారు. మొదటి వానకే అది కుంగుతుంది. జానెడు మందాన పొరలుగా పోసి, ప్రతి పొరకూ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టాలి. తవ్వేది ఒకరు, తారు వేసేది ఇంకొకరు కావడంతో ఆ మధ్య పనికి జవాబుదారీ ఉండదు. కార్పొరేషన్ చిన్నదైతే ఇంజనీరు దొరకడం సులువు కావచ్చు, ఈ చిక్కు మాత్రం అలాగే ఉంటుంది.

అందుకే ఫిర్యాదులో 'రోడ్డు బాలేదు' అని ఊరుకోకండి. తారు వేయకముందే ట్రెంచ్ ఫొటో తీసి పెట్టుకోండి. పది రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేసి తవ్వకానికి అనుమతి నకలు, తవ్విన రోడ్డును మళ్లీ బాగుచేయడానికి కట్టిన రుసుము, కాంట్రాక్టరు ఎంతకాలం మరమ్మతు చేసి ఇవ్వాలన్నది అడగండి. కర్ణాటకలో ఒక దరఖాస్తుకు ఒకే విషయం, 150 పదాలు మించకూడదు. జవాబుకు 30 రోజుల గడువు. కాంట్రాక్టరు మరమ్మతు చేయాల్సిన ఆ కాలం లోపలే రోడ్డు కుంగితే బాగుచేయించాల్సింది ఆ కాంట్రాక్టరు ఖర్చుతోనే.