ల్యాబ్‌లో కణాలపై పరీక్షించేందుకు సిస్‌ప్లాటిన్‌ను (ప్లాటినం ఉన్న క్యాన్సర్ మందు) డీఎంఎస్ఓలో (డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రవంలో) కరిగించవచ్చా?

వద్దు. చాలా మందులకు అలవాటైన ద్రావణి కాబట్టి దీనికీ అదే వాడేస్తుంటారు; తేలిగ్గా కరుగుతుంది కూడా. కానీ డీఎంఎస్ఓలోని గంధకం మందులోని ప్లాటినానికి అతుక్కుని, దాన్ని అంటిపెట్టుకున్న క్లోరైడ్‌ను తోసేస్తుంది. మిగిలేది వేరే సమ్మేళనం, అది కణాలను సరిగా చంపదు. ద్రావణం తేటగానే ఉంటుంది కనుక పొరపాటు కంటికి కనబడదు. కణాలకే మందును తట్టుకునే గుణం వచ్చిందని తప్పు నిర్ధారణకు వస్తాం. ఇదే అసలు ప్రమాదం.

0.9% సెలైన్‌లో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, అంటే సుమారు 3.3 మిల్లీమోలార్, కలపండి. వెలుతురు తగలకుండా 37 డిగ్రీల దగ్గర ఉంచి మధ్యమధ్య కదిపితే కరుగుతుంది. ఫ్రిజ్‌లో పెడితే పసుపు పలుకులు అడుగున పేరుకుంటాయి, పైద్రవం వాడితే మోతాదు తగ్గిపోతుంది. ఉత్త నీళ్లూ వద్దు: క్లోరైడ్ ఊడిపోయి ఆ చోట నీరు చేరుతుంది. కంట్రోల్ వెల్స్‌లోనూ (పోలిక కోసం మందు వేయని కణాలున్న గుంటల్లోనూ) అంతే సెలైన్ వేయాలి.

ఆక్సాలిప్లాటిన్ అనే మరో ప్లాటినం మందు దీనికి తలకిందులు: సెలైన్‌లో చెడుతుంది, 5% గ్లూకోజ్‌లో నిలుస్తుంది. పాక్లిటాక్సెల్ అనే ఇంకో క్యాన్సర్ మందుకైతే డీఎంఎస్ఓ బాగానే పనికొస్తుంది. మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) డీఎంఎస్ఓ వాటా 0.1% దాటనివ్వకండి.